సమ్మిట్ వైపర్ ఎస్‌డీ: ఎక్కడం కన్నా దిగడం చూసి కొనాల్సిన మంచె

అమెరికాలో తెల్లతోక దుప్పి వేటకు మంచె కొనేవాళ్లు మొదట బరువు అడుగుతారు. తర్వాత ధర, ఆ తర్వాత కుర్చీ మెత్తగా ఉంటుందా అని. అసలు అడగాల్సింది మాత్రం మిగిలిపోతుంది: కూర్చున్న చోటు తప్పని తేలితే దీన్ని విప్పుకుని ఇంకో చెట్టెక్కడానికి ఎంతసేపు పడుతుంది, ఎంత చప్పుడవుతుంది? నిచ్చెన మంచెను అడిగితే "వచ్చే ఆదివారం, ముగ్గురు మనుషులు కావాలి" అంటుంది. అందుకే దాని మీద కూర్చున్నవాడు దుప్పులు నూట ఇరవై గజాల అవతల నుంచే పోతున్నాయని కళ్లారా చూస్తూ కూడా సీజనంతా అక్కడే కూర్చుంటాడు. దాన్ని ఓపిక అనుకుంటాడు గానీ అది ఇనుము బరువు.

అలబామాకు చెందిన సమ్మిట్ కంపెనీ వైపర్ ఎస్‌డీని ఈ రివ్యూలో ఆ ఒక్క కొలతతోనే చూస్తున్నాం. ఇది చెట్టుకు బిగించి వదిలేసే రకం కాదు. వీపున మోసుకెళ్లి, చెట్టెక్కి, కూర్చుని, మళ్లీ దింపి తెచ్చుకునే క్లైంబర్. అల్యూమినియం చట్రం, బరువు 20 పౌండ్లు, అంటే 9 కిలోలు. మోసే శక్తి 300 పౌండ్లు. ఈ 300లో మీ ఒంటి బరువుతో పాటు చలికోటు, బూట్లు, సంచీ, తుపాకీ అన్నీ కలుస్తాయని మరవద్దు. 8 నుంచి 20 అంగుళాల అడ్డుకొలత ఉన్న చెట్లకు పట్టుకుంటుంది. అడవిలో అడ్డుకొలత కంటితో అంచనా వేస్తే తప్పుతాం, చుట్టుకొలత తీయండి: 25 అంగుళాల నుంచి 63 దాకా. దర్జీ టేపు 60 అంగుళాలు ఉంటుంది. చెట్టు చుట్టూ తిప్పితే కొసల మధ్య మూడు అంగుళాలకు మించి ఖాళీ మిగిలిందంటే ఆ చెట్టు దీనికి పెద్దది.

తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ని చూసినవాళ్లకు దీని పనితీరు వేరే చెప్పక్కర్లేదు. నడుముకూ చెట్టుకూ కలిపి మోకు, పాదాలకు బంధం. మోకు మీద వెనక్కి వాలి కాళ్లు పైకి లాక్కుంటాడు, కాళ్ల మీద నిలబడి మోకు పైకి జరుపుతాడు. వైపర్‌లో మోకు స్థానంలో కుర్చీ ఉన్న పై చట్రం ఉంటుంది, బంధం స్థానంలో పాదాలు దూర్చే పట్టీలున్న కింది పలక. పైదాని మీద కూర్చుని కాళ్లతో కిందిది లాగాలి, కిందిదాని మీద నిలబడి పైది ఎత్తాలి. విడతకు అడుగు, అడుగున్నర. 20 అడుగుల ఎత్తుకు పదిహేను, ఇరవై విడతలు. అలవాటున్న మనిషికి పది నిమిషాల పని, కొత్తవాడికి ఇరవై ఐదు. ఆ ఇరవై ఐదులో ఒంటికి చెమట పడుతుంది. చలి పొద్దున ఆ చెమటే రెండు గంటల తర్వాత వణుకై కిందికి దింపేస్తుంది. అందుకని పైకోటు వేసుకుని ఎక్కొద్దు. సంచీకి కట్టి తాడుతో పైకి లాక్కుని, అక్కడ వేసుకోండి.

చట్రాన్ని చెట్టు చుట్టూ పట్టి ఉంచే కేబుల్ బిగించడంలోనే సగం విద్య ఉంది. చెట్టు మొదట్లో లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. కింద సమతలంగా బిగిస్తే ఇరవై అడుగుల ఎత్తుకు చేరేసరికి పలక బయటి అంచు కిందికి వాలి, కాళ్లు ముందుకు జారుతుంటాయి. రోజంతా కాలివేళ్ల మీద కూర్చున్నట్టు ఉంటుంది, పిక్కలు పట్టేస్తాయి. కాబట్టి నేల మీద ఉన్నప్పుడే బయటి అంచు రెండు మూడు అంగుళాలు పైకి లేచి ఉండేలా కేబుల్ ఒక గడి పొట్టిగా, ఇంకాస్త బిగుతుగా పెట్టాలి. చెట్టు మరీ వేగంగా సన్నబడే రకమైతే ఇంకో గడి. ఎక్కాక మధ్యలో సర్దుకుందాం అనుకోవద్దు. గాలిలో కేబుల్ పిన్ను తీయడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. పలక మరీ వాలిపోతే దిగి, మళ్లీ మొదలెట్టండి. సమ్మిట్ వాళ్ల క్విక్‌డ్రా కేబుల్ పద్ధతి ఇక్కడ కలిసొస్తుంది. విడి బోల్టులు, మరలు లేకుండా కేబుల్ కొసను గొట్టంలోకి తోసి కావలసిన గడిలో నిలపొచ్చు. చీకట్లో చేతి తొడుగులతో కూడా పని జరుగుతుంది. బోల్టు కింద ఆకుల్లో పడి వెతుక్కునే బాధ ఉండదు.

రెండు ముక్కల్ని కలిపే పట్టీని మాత్రం ఎప్పుడూ వదిలేయొద్దు. అదేదో అడ్డంగా వేలాడుతోందని విప్పి జేబులో పెట్టుకునేవాళ్లున్నారు. కుర్చీలో కూర్చుని పాదాలు పట్టీల్లోంచి తీశారనుకోండి, పలక మీద బరువు పోతుంది, పట్టు సడలుతుంది, అది జర్రున కిందికి జారుతుంది. కలిపే పట్టీ ఉంటే పైకి లాక్కుని మళ్లీ పాదాలు దూర్చొచ్చు. లేకపోతే ఇరవై అడుగుల ఎత్తులో కుర్చీలో మీరు, చెట్టు మొదట్లో పలక. ఫోన్ సిగ్నల్ ఉందా లేదా అన్నది అప్పుడు తెలుస్తుంది.

ఇక చప్పుడు. గొట్టాల్లో నురుగు నింపి, దానికి డెడ్‌మెటల్ అని పేరు పెట్టారు. తట్టితే ఖణేల్మనదు, మందంగా మోగుతుంది. అది నిజంగానే పనికొచ్చే ఏర్పాటు. కానీ క్లైంబర్ చప్పుడు గొట్టాల్లో కంటే వేరేచోట్ల ఎక్కువ పుడుతుంది. రెండు ముక్కల్ని ఒకదాంట్లో ఒకటి ఇమిడ్చి మోసేటప్పుడు అంచులు రాసుకుంటాయి. పట్టీల బకిల్స్ గొట్టానికి తగులుతాయి. బరువు పడగానే చెట్టును పట్టే చట్రం పళ్లు బెరడులో దిగి కరకరమంటాయి. మొదటి రెండింటికీ గుడ్డ టేపు మందు: ముక్కలు తగిలే నాలుగు మూలలకూ రెండేసి చుట్లు, బకిల్స్‌కు ఒక్కో చుట్టు. మూడోదానికి మందు లేదు, తొందర తగ్గించుకోవడమే. బరువును ఒక్కసారిగా పడేయకుండా మెల్లగా మోపితే బెరడు చప్పుడు సగానికి తగ్గుతుంది. రెండు మూడు విడతలెక్కి అర నిమిషం ఆగితే, విన్న దుప్పికి అది నడిచే మనిషి లయలా అనిపించదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. దింపి ఇంకోచోట ఎక్కడానికి మొత్తం ఎంత పడుతుంది? దిగడానికి ఎనిమిది నిమిషాలు, సర్ది వీపున వేసుకోవడానికి ఐదారు, వంద గజాలు చప్పుడు లేకుండా నడవడానికి పదిహేను, మళ్లీ ఎక్కడానికి పదిహేను. ఆ తర్వాత అడవి సర్దుమణగడానికి ఇంకో ఇరవై. అంటే గంట పైనే. పొద్దున తొలి రెండు గంటల్లో, సాయంత్రం చివరి రెండు గంటల్లో ఆ గంట ఖర్చు పెట్టడమంటే ఆ పూట వదులుకున్నట్టే. మధ్యాహ్నం పదకొండు నుంచి రెండు లోపల అదే గంట దాదాపు ఉచితం. కాబట్టి చోటు మార్చాలని పొద్దున ఎనిమిదికి తోచినా, చేతులు కట్టుకుని పదకొండు దాకా కూర్చోండి. ఒక్క సందర్భంలో తప్ప.

ఆ ఒక్కటీ గాలి. మీ వాసన దుప్పులు పడుకునే పొదల్లోకో, అవి వచ్చే దారిలోకో పోతోందని తేలితే గడియారం చూడకండి, దిగండి. గాలి ఎటు పోతోందో చూడటానికి పౌడర్ సీసాలు అమ్ముతారు. పౌడర్ ఆరడుగులు పోయి మాయమవుతుంది, ఆపై గాలి ఏం చేస్తోందో చెప్పదు. అక్కడి వేటగాళ్లు వాడేది మిల్క్‌వీడ్ కాయలోని దూది. మన జిల్లేడుకు చుట్టమే ఆ మొక్క, జిల్లేడు పింజెలాగే తేలుతుంది. ఒక్క పింజె వదిలితే యాభై, అరవై గజాల దాకా కంటికి ఆనుతూ పోతుంది, ఎక్కడ మలుపు తిరిగిందో, ఎక్కడ కిందికి దిగిందో చూపిస్తుంది. చాలాసార్లు అది మీ ముందు నుంచి బయల్దేరి, లోయ అంచున సుడి తిరిగి, మీ వెనక్కే వస్తుంది. అలాంటి చెట్టు మీద ఎంత ఓపిగ్గా కూర్చున్నా లాభం లేదు.

కొండవాలులో ఇంకో లెక్క ఉంది. ఎండ పొడిచాక నేల వేడెక్కి గాలి వాలు వెంట పైకి పోతుంది. సాయంత్రం నేల చల్లబడి అదే గాలి నీళ్లలా కిందికి జారుతుంది. అందుకే పొద్దున దుప్పి దారికి పైన, సాయంత్రం దారికి కింద కూర్చోవాలి. పొద్దున చక్కగా పనిచేసిన చెట్టు సాయంత్రం మీ వాసనను నేరుగా దారి మీద పోస్తుంది. నిచ్చెన మంచె ఉన్నవాడికి ఇది పూటకో మంచె ఖర్చు. క్లైంబర్ ఉన్నవాడికి మధ్యాహ్నం గంట పని. వైపర్ లాంటి మంచెకు డబ్బు పెట్టడానికి ఇంతకన్నా మంచి కారణం కనపడదు.

దుప్పులు కనిపించినా అందనంత దూరంలో పోతుంటే ఏం చేయాలి? ఒకసారి పోతే అది ఆ దుప్పి ఇష్టం. అదే గాలికి, అదే పూట రెండోసారి అదే వరుసలో పోయిందంటే అది దారి. మొదటిసారికి కదలొద్దు, రెండోసారికి ఆగొద్దు. కదిలేటప్పుడు కూడా దుప్పి నడిచిన జాడ మీదికి పోకూడదు. జాడకు గాలి వాలున, అంటే గాలి పోయే వైపున, విల్లయితే 20 గజాలు, తుపాకీ అయితే 60, 80 గజాల ఎడంలో చెట్టు చూసుకోవాలి. చెట్టు దొరక్కపోతే దారినే ఇంకొంచెం ముందుకో వెనక్కో పట్టుకోవాలి. చెట్టు బాగుందని దారికి దూరమైన చోట ఎక్కడం క్లైంబర్ వాడేవాళ్లు చేసే అతి సాధారణ తప్పు. కొమ్మల్లేని నిటారు చెట్టు కోసం కళ్లు వెతుకుతుంటే, ఎందుకొచ్చామో మనసు మరిచిపోతుంది.

దుప్పి మిమ్మల్ని అనుమానించినప్పుడు రెండు రకాలు. ముందుకాలు నేలకేసి కొడుతూ, తల ఎత్తీ దించీ చూస్తోందంటే ఏదో కదలిక కంటపడింది గానీ అదేమిటో తేలలేదు. కదలకుండా ఉండండి, చాలాసార్లు మేతకు దిగుతుంది. అదే గాలి వాలున నిలబడి చీది, తోక తెల్లగా ఎత్తి పరుగెత్తిందంటే వాసన తగిలింది. ఆ పూటకు ఆ చోటు అయిపోయింది, చుట్టుపక్కల దుప్పులన్నీ ఆ చీదడం విన్నాయి. అక్కడే కూర్చుని "మళ్లీ వస్తుందేమో" అనుకోవడం కన్నా, రెండొందల గజాలకు తక్కువ కాకుండా జరగడం మేలు.

నెలను బట్టి కూడా జవాబు మారుతుంది. అక్టోబరులో తెల్ల ఓక్ కాయలు రాలుతుంటే దుప్పులు ఆ చెట్ల కిందికే వస్తాయి. తెల్ల ఓక్ కాయలో వగరు తక్కువ, ఎర్ర ఓక్ కన్నా దాన్నే ముందు తింటాయి. కాయలు అయిపోగానే ఆ చెట్టు కింద పేడ ఎండిపోతుంది, జాడలు పాతబడతాయి. అయినా పోయిన నెలలో ఇక్కడ ఐదు దుప్పుల్ని చూశామని నవంబరులో అదే చెట్టెక్కేవాళ్లకు కొదవ లేదు. మేత వెంట పోయే ఈ రోజుల్లో కదులుతూ ఉండాలి. ఎదకాలం దీనికి తలకిందులు. ఉత్తరాది రాష్ట్రాల్లో నవంబరు మధ్యలో, దక్షిణ టెక్సస్‌లో డిసెంబరులో మగ దుప్పులు ఆడవాటిని వెతుకుతూ రోజంతా తిరుగుతాయి. అప్పుడు కదలాల్సింది అవి, మీరు కాదు. రెండు అడవి ముక్కల్ని కలిపే సన్నని చెట్ల వరుస, వాగు దాటే రేవు, కంచె తెగిన చోటు చూసుకుని చీకటి నుంచి చీకటి దాకా కూర్చోవాలి. మధ్యాహ్నం పన్నెండుకు దిగి తిండికి పోయినవాడు ఒంటిగంటకు వచ్చిన మగ దుప్పిని చూడడు.

పదకొండు గంటలు కూర్చోవాలంటే కుర్చీ గురించి మాట్లాడక తప్పదు. వైపర్ కుర్చీ మందమైన స్పాంజితో, పట్టీల మీద వేలాడుతూ ఉంటుంది. పట్టీల పొడవు మార్చి ఎత్తు సర్దుకోవచ్చు. ఈ తరహా క్లైంబర్లలో సుఖమైనది ఇదే అనడానికి మాకు సంకోచం లేదు. స్పాంజి వానకు నానితే మర్నాటికీ ఆరదు. ప్లాస్టిక్ సంచీ ఒకటి తొడిగి మోసుకెళ్లండి, ఎక్కాక తీసేయండి. ముందువైపు అడ్డకమ్మీ ఉంటుంది. తుపాకీకి అది చక్కని ఆసరా, కొత్తవాడికి గుండె ధైర్యం. విల్లు వాడేవాడికి మాత్రం కింది కొస ఆ కమ్మీకి తగులుతుంది. నిలబడి వేస్తే ఇబ్బంది తక్కువ, కూర్చుని నిట్టనిలువుగా కిందికి వేయాలంటే ఎక్కువ. విల్లు మాత్రమే వాడేవాళ్లు ముందు తెరిచి ఉండే రకం చూసుకోవడం మంచిది.

మంచె వీపున ఉండగానే నడక వేట చేద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. కుదరదు. నడక వేట అంటే మూడడుగులు వేసి మూడు నిమిషాలు నిలబడటం, గంటకు వంద, రెండొందల గజాలు మించకుండా గాలికి ఎదురుగా పోవడం. వీపున తొమ్మిది కిలోల చట్రం చెవుల వెనక నుంచి పైకి పొడుచుకొచ్చి కొమ్మ కొమ్మకూ తగులుతుంటే అది వేట కాదు, కూలి. రాత్రి వాన పడి ఆకులు మెత్తబడి, గంటకు పది పదిహేను మైళ్ల గాలి చెట్లను ఊపుతుంటే మంచెను చెట్టు మొదట్లో వదిలి నడవండి. అలాంటి రోజు కూర్చున్నవాడి కన్నా నడిచేవాడికే అవకాశం. గాలి లేకుండా ఎండుటాకులు అప్పడాల్లా విరుగుతున్న రోజు నడక పేరెత్తొద్దు, మీరు వంద గజాల దూరంలో ఉండగానే దుప్పికి తెలిసిపోతుంది. తుపాకీ సీజన్లో నేల మీద నడిచేవాడు నారింజ రంగు చొక్కా లేకుండా కదలకూడదు. పెన్సిల్వేనియాలో తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలు, జార్జియాలో నడుము పైభాగాన 500 చదరపు అంగుళాలు ఉండాలని నియమం. దుప్పి కంటికి ఆ నారింజ మనకు కనిపించినట్టు కొట్టొచ్చినట్టు కనపడదు, కాబట్టి ఆ వంకతో మానేయక్కర్లేదు.

వైపర్‌కు ఇప్పుడు అసలైన పోటీ ఇంకో క్లైంబర్ కాదు, శాడిల్. అది కుర్చీ కాదు, పిరుదుల కింద పట్టే వెడల్పాటి పట్టీ, చెట్టుకు కట్టిన తాడు మీద వెనక్కి వాలి ఉండటం. మోకు మీద గీత కార్మికుడు వాలినట్టే. పట్టీ, తాళ్లు, చిన్న పాదపలక, నాలుగు మెట్ల కర్రలు కలిపి పన్నెండు నుంచి పదిహేను పౌండ్లు. కొమ్మలున్న చెట్టు, వంకర చెట్టు, రెండుగా చీలిన చెట్టు, ఏదైనా ఎక్కొచ్చు. క్లైంబర్‌కు ఆ వీలు లేదు. కూర్చునే చోటు వరకు మొదటి కొమ్మ ఉండకూడదు, ఉంటే రంపంతో కోయాలి, చాలా ప్రభుత్వ అడవుల్లో కోయడం నిషేధం. కానీ శాడిల్‌లో తుంటి ఒరిపిడికి అలవాటు పడటానికి వారాలు పడుతుంది, నాలుగు కర్రలు ఒక్కొక్కటీ కట్టుకుంటూ ఎక్కడం కొత్తవాడికి క్లైంబర్ కన్నా ఆలస్యం. రోజుకు రెండు చోట్లు మార్చేవాడికి శాడిల్. మధ్యాహ్నం ఒకసారి మార్చి మిగతాదంతా కూర్చునేవాడికి వైపర్. నడుము నొప్పి ఉన్నవాళ్లకు రెండో ఆలోచన అక్కర్లేదు, వైపరే.

ఎక్కడ వేటాడతారో చూసుకోకుండా మాత్రం కొనొద్దు. తూర్పు టెక్సస్‌లో శామ్ హ్యూస్టన్, డేవీ క్రాకెట్ జాతీయ అడవుల్లో లాబ్లాలీ పైన్ చెట్లు ఉన్నాయి: నిటారు, ముప్ఫై అడుగుల దాకా కొమ్మల్లేవు, బెరడు గరుకు. క్లైంబర్ కోసమే పెంచినట్టుంటాయి. జార్జియాలో ఒకోనీ జాతీయ అడవి వైపు కూడా అంతే. అదే డాలస్‌కు పడమర, శాన్ ఆంటోనియోకు దక్షిణాన మెస్కీట్ పొదలు, గుబురు లైవ్ ఓక్‌లు. అక్కడ ఇది గ్యారేజీలో గోడకు అలంకారం. పైగా టెక్సస్‌లో నూటికి తొంభై పాళ్లకు మించి ప్రైవేటు భూమే. లీజుకు తీసుకున్న చోట దుప్పులకు మక్కజొన్న చల్లే ఫీడరూ, దాని ముందు దాక్కుని కూర్చునే బాక్స్ బ్లైండూ యజమాని ముందే పెట్టి ఉంటాడు. కదలాలా ఉండాలా అన్న ప్రశ్న అక్కడ సగం మీ చేతిలో లేదు. పెన్సిల్వేనియా ఉత్తరాన బీచ్ చెట్లెక్కువ. నున్నటి బెరడు, మంచు పట్టిన పొద్దున పళ్లు దిగవు. పెచ్చులూడే షాగ్‌బార్క్ హికరీ ఇంకా ప్రమాదం, బెరడు పెచ్చుతో సహా మంచె జారుతుంది.

జారితే ఏం జరుగుతుందన్నది పడిపోకుండా పట్టే బెల్టు తేలుస్తుంది. మంచెతో పాటు ఒంటికి తొడుక్కునే హార్నెస్ ఇస్తారు. అది ప్రమాణాలకు సరిపడేదే, కాకపోతే చీకట్లో పట్టీలు మెలికపడతాయి. చొక్కాలా వేసుకునే రకం విడిగా కొనుక్కుంటే రోజూ వేసుకుంటారు, మెలికలు పడేది బండిలోనే ఉండిపోతుంది. చెట్టు చుట్టూ పట్టీ నేల మీద ఉన్నప్పుడే కట్టి, ఎక్కుతూ పైకి జరుపుకుంటూ పోవాలి. పడేవాళ్లలో ఎక్కువమంది పడేది ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే, కూర్చున్నప్పుడు కాదు. కూర్చున్నాక పట్టీ తల పైన ఉండాలి, వదులు దాదాపు లేకుండా. పడి వేలాడుతున్నవాడికి తొడల పట్టీలు రక్తాన్ని ఆపేస్తాయి, అది నిమిషాల్లో ప్రాణం మీదికి తెస్తుంది. హార్నెస్ జేబులో ఉండే చిన్న పట్టీని లూపుగా వదిలి, దాంట్లో పాదాలు పెట్టి నిలబడాలి. ఫోన్ సంచీలో కాదు, ఛాతీ జేబులో. తెలంగాణలో గీత కార్మికులకు 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో ప్రభుత్వం భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది కూడా ఇలాంటి పడిపోవడాలు చూసే. తరతరాల అలవాటున్నవాళ్లకే అవసరమైంది, వారాంతపు వేటగాడి సంగతి చెప్పేదేముంది.

మనవాళ్లకు కాగితాల సంగతి రెండు మాటలు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. అమెరికాలో ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. టెక్సస్ వేట లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది, సెప్టెంబరు 1న పునరుద్ధరణ మరిస్తే మినహాయింపు కూడా పోతుంది. రాష్ట్రాల నియమాలు వేరే ఉంటాయి, అవీ చూసుకోవాలి. 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లు టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ కోర్సు చేయాలి, జార్జియాలో 1961 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లు. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పి, కణుజుల వేట నేరం. ఈ సామాను అక్కడికి పట్టుకెళ్లే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడే మానుకోండి.

గుండు పేలాక కూడా ఉండాలా కదలాలా అన్న ప్రశ్న ఇంకోసారి వస్తుంది. దీని జవాబు మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే: ఉండాలి. దుప్పి ఏ చెట్టు పక్క నుంచి మాయమైందో గుర్తు పెట్టుకుని, గడియారం చూసుకుని, కూర్చోండి. తగిలిన చోట నెత్తురు లేత ఎరుపుగా బుడగలతో ఉంటే ఊపిరితిత్తులు, అరగంట చాలు. ముదురు మెరూన్ రంగైతే కాలేయం, నాలుగు నుంచి ఆరు గంటలు. ఆకుపచ్చగా, దుర్వాసనగా ఏదైనా కలిసి ఉంటే, దుప్పి నడుము వంచి మెల్లగా నడిచిపోయి ఉంటే పొట్ట, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. తొందరపడి వెంటపడితే పడుకున్న దుప్పి లేచి మైలు పోతుంది. కదపకపోతే చాలాసార్లు రెండొందల గజాల లోపే దొరుకుతుంది. టెక్సస్ నవంబరు ఎండల్లో ఈ లెక్కకు ఇబ్బంది ఉంది, మాంసం పాడవుతుంది, నక్కల్లాంటి కొయోట్లు ముందు చేరతాయి. అక్కడ పొట్ట దెబ్బ అనుమానమైతే పూర్తి గడువు కాకుండా వెళ్లక తప్పని రోజులుంటాయి. పొట్ట దెబ్బ తగలకుండా చూసుకోవడానికే ఎత్తు మరీ పెంచొద్దనేది. పదహారు నుంచి ఇరవై అడుగులు దాటితే కోణం నిట్టనిలువై, రెండు ఊపిరితిత్తులకూ తగిలే చోటు సన్నబడిపోతుంది.

దిగేటప్పుడు మొదట దిగేది తుపాకీ. తూటాలు తీసి, బోల్టు వెనక్కి లాగి, గొట్టం మీవైపు కాకుండా తాడుతో కిందికి దించండి. నేలకు తగిలి తాడు వదులైందని చేతికి తెలిశాక, చెట్టు పట్టీని ఒక అడుగు కిందికి జరిపి, అప్పుడు మొదటి విడత.